తొమ్మిదేళ్ల గోబర్ గ్యాస్: మంట మంచిదే, పైపే ఏడిపించింది

పేడతో వంటగ్యాస్ తయారయ్యే రెండు ఘనపు మీటర్ల డోము ప్లాంటు పెట్టించి తొమ్మిదేళ్లు దాటింది. ఐదు పశువులు, రోజుకు 50 కిలోల దాకా పేడ, దానికి సమానంగా నీళ్లు. రెండు పూటలా వంట దీని మీదే. చలికాలం సంగతి వేరు, చెబుతాను.

మొదటిసారి గ్యాస్ రాగానే ఆత్రంగా పొయ్యి వెలిగించబోయాం. అంటుకుంటే ఒట్టు! ముందొచ్చేదాంట్లో కార్బన్ డయాక్సైడే ఎక్కువ. పైగా లోపల మిగిలిన గాలితో మండే వాయువు మీథేన్ కలిస్తే పేలే ప్రమాదం, అప్పుడు అగ్గిపుల్ల గీయకూడదు. రెండు మూడు సార్లు ఆరుబయట వదిలేశాకే నీలం మంట పట్టింది.

అసలు పోరు పైపుతో. రెండో ఏడు మంట ఎగిరెగిరి పడి టపటపమని ఆరిపోయేది. పేడ చాలట్లేదేమోనని ఇంకో తట్ట పోశాం, లాభం లేదు. తీరా చూస్తే గ్యాస్‌తో వచ్చిన ఆవిరి చల్లబడి, పైపు కుంగిన చోట నీళ్లుగా నిలిచింది. బిగించినాయన వాలు చూసుకోకుండా వేసి పోయాడు. ఆ పల్లంలో చిన్న వాల్వు పెట్టించాను. వారానికోసారి తిప్పితే గ్లాసుడు నీళ్లు వస్తాయి, కుళ్లిన కోడిగుడ్డు కంపుతో. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఇత్తడి వాల్వులను తినేసేదీ అదే; ఇప్పటికి రెండు మార్చాను.

పేడ కలిపేటప్పుడు గడ్డిపోచలు, ఇసుక ఏరేయాలి. ఒక వానాకాలం బద్ధకిస్తే గడ్డి పైకి తేలి మందంగా తెట్టె కట్టింది. ఇంకోసారి కొట్టం కడిగిన ఫినాయిలు నీళ్లు పేడ పోసే ఇన్‌లెట్‌లోకి పోయాయి. పది రోజులు పొయ్యి పడుకుంది. మందులు వాడుతున్న పశువు పేడ కూడా విడిగా పారేస్తున్నాం.

లోపలి సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వెచ్చదనం ఇష్టం. చలికి గ్యాస్ సగానికి పడిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు కలిపినా, డోము మీద గడ్డి కప్పినా కాస్త నయం, అంతే. రెండో పొయ్యి ఉంచుకోవాల్సిందే.

గ్యాస్ పోయాక ప్లాంటు నుంచి బయటికొచ్చే పేడనీళ్లకు, అంటే స్లర్రీకి మాత్రం వంక పెట్టలేను. పచ్చిపేడ మీద ముసిరినన్ని ఈగలు దీని మీద ముసరవు. ఎండలో ఆరబెడితే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, అందుకే తడిగానే సాళ్లలో పోసి మట్టి కప్పేస్తాం.

పశువులు పగలంతా బయట మేసేవైతే పేడ సగం అక్కడే పోతుంది, ఈ ప్లాంటు దండగ. మావి కొట్టంలోనే ఉంటాయి కాబట్టి సాగింది. మొన్న మొదటిసారి మూత తీయించాం. పేడ కలిపేటప్పుడు ఏరకుండా వదిలేసిన ఇసుకంతా అడుగున పేరుకుని ఉంది. మనిషిని దింపలేదు, ఆ గ్యాస్‌లో దిగినవాడు తిరిగి రాకపోవచ్చు. పొడుగాటి కర్రకు బకెట్ కట్టి రెండు రోజులు తోడాం.