భూమి, పృథ్వి: ఏ పేరు ఎక్కడిది?

‘భూమి’కి మూలం ‘భూ’ ధాతువు: ఉండటం, కలగడం. ‘పృథ్వి’కి మూలం ‘ప్రథ్’, అంటే విస్తరించడం. కాబట్టి పృథివి అంటే విశాలమైనది. పృథు చక్రవర్తి వల్ల ఆ పేరొచ్చిందని పురాణాలు చెబుతాయి. కథ గొప్పదే, కానీ వ్యుత్పత్తికి ధాతువు చాలు. అథర్వవేదం 12వ కాండలోని 63 మంత్రాల సూక్తం ఈ తల్లిని రెండు పేర్లతోనూ పిలుస్తుంది. మన ‘పుడమి’ కూడా పృథివి నుంచి వచ్చిందే.

తిరుమలలో భూమి మాటే ఎక్కువ: పుష్కరిణి గట్టున భూవరాహస్వామి, మలయప్పస్వామి పక్కన భూదేవి. పృథ్వీలింగం కంచిలో ఉంది, శ్రీకాళహస్తిలోది వాయులింగం.

గ్రహం గురించి రాసేటప్పుడు ‘భూమి’ మేలు. భూకక్ష్య, భూకంపం, భూగోళం అని సమాసాలు ఇట్టే కుదురుతాయి. పృథ్వి నుంచి వచ్చే ‘పార్థివ’ను జనం మట్టిలింగానికో, మృతదేహానికో వాడతారు. ‘పృధ్వి’ అని రాయడం తప్పు. ధాతువులో ఉన్నది ‘థ’.