కడపలో డిపెండెంట్ వీసా కన్సల్టెన్సీ: ఫైల్ పనికి మంచి మార్కులు, సలహాలకు సున్నా

మా అల్లుడు యూకేలో స్కిల్డ్ వర్కర్ వీసా (అక్కడి కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే ఉద్యోగ వీసా) మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మాయినీ మనవడినీ డిపెండెంట్ వీసా, అంటే అతని కుటుంబానికి ఇచ్చే వీసా మీద అక్కడికి పంపడానికి కడప టౌన్‌లోనే ఒక కన్సల్టెన్సీలో ఫైల్ వేయించాం. పేరు రాయను, ఆ గొడవ నాకెందుకు. వీసాలు వచ్చాయి, వాళ్లు వెళ్లిపోయారు కూడా, కాబట్టి ఇదేదో కడుపుమంటతో రాస్తున్నది కాదు. అయిదుకి రెండున్నర ఇస్తున్నా, అది కూడా అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి పుణ్యం.

ఆ పిల్ల పని తెలిసిన పిల్ల. మేం ఇచ్చిన కాగితాల కట్ట విప్పి ఒక్కొక్కటీ పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసింది. "అంకుల్, బాబు బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంది, చూసుకున్నారా?" అని అడిగింది. ఆస్పత్రి నుంచి వివరాలు వెళ్లేటప్పటికి పిల్లాడికి పేరు పెట్టి ఉండరు కదా, తర్వాత ఎక్కించుకోవాలని చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు. కార్పొరేషన్ ఆఫీసులో పేరు ఎక్కించి కొత్త కాపీ తెచ్చాకే ఫైల్ ముట్టుకుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించేటప్పుడు కూడా ఏమేం పట్టుకెళ్లాలో, అంటే శుభలేఖ, పెళ్లి ఫోటో, వయసు రుజువులు, ఆధార్, సాక్షులు, అన్నీ ఒక చీటీ మీద రాసిచ్చింది. ఆన్‌లైన్ ఫారం నింపేటప్పుడు అల్లుడికి వీడియో కాల్ చేసి అతని పాత అప్లికేషన్‌లో ఉన్న వివరాలతో సరిపోల్చుకుంది. మేమిచ్చిన డబ్బు ఈ పనికే అయితే నాకే పేచీ లేదు.

పేచీ అంతా గాజు గదిలో కూర్చునే సారుతో. మొదటి రోజే బ్యాంకులో పదిహేను లక్షలు చూపించాలన్నాడు, లేకపోతే "మేమే అరేంజ్ చేస్తాం, కొంచెం వడ్డీ పడుతుంది" అన్నాడు. అసలు నిబంధన ఏమిటంటే భార్యకో భర్తకో 285 పౌండ్లు, మొదటి బిడ్డకు 315, ఆ తర్వాత ప్రతి బిడ్డకూ 200, ఆ డబ్బు వరసగా 28 రోజులు అకౌంట్‌లో ఉండాలి. అంటే మా అమ్మాయికీ మనవడికీ కలిపి 600 పౌండ్లు, మన రూపాయల్లో లక్ష కూడా కాదు! కంపెనీ 'A' రేటింగ్ ఉన్న స్పాన్సర్ అయి, కుటుంబం ఖర్చుకు తాము పూచీ అని రాసిస్తే అదీ చూపించక్కర్లేదు. ఇలా అరేంజ్ చేసిన దొంగ స్టేట్‌మెంట్లతో దొరికిపోతే రిజెక్ట్ ఒక్కటే కాదు, మోసం కింద పదేళ్ల నిషేధం పడొచ్చు. అది జరిగితే పోయేది మన పిల్లల బతుకు, ఆయనకేం, ఇంకో ఫైల్ తెరుస్తాడు.

తర్వాత ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ అన్నాడు, ఆ కోచింగ్ సెంటర్ కూడా వాళ్లదే. మేం వేసినప్పుడు డిపెండెంట్‌కు ఇంగ్లీషు పరీక్ష అవసరమే లేదు. అమ్మాయి పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించకపోతే కుదరదన్నాడు, పెళ్లి సర్టిఫికెట్ ఉంటే దానికీ అవసరం లేదు. బర్త్ సర్టిఫికెట్‌కు ట్రాన్స్‌లేషన్ చార్జీ అని బిల్లులో ఒక లైను వేశారు. మన కార్పొరేషన్ ఇచ్చే సర్టిఫికెట్‌లో తెలుగు పక్కనే ఇంగ్లీషు ఉంటుంది సార్, దేనికి ట్రాన్స్‌లేషన్ అని అడిగితే నవ్వి ఆ లైను కొట్టేశాడు. అడగనివాళ్లు కట్టేస్తున్నారన్నమాట.

నిజంగా నొప్పి తెలిసే ఖర్చు వేరే ఉంది, దాని గురించి మాత్రం సారు చివరిదాకా నోరు విప్పలేదు. ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే డబ్బు. 2024 ఫిబ్రవరి 6 నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. వీసా ఎన్నేళ్లయితే అన్నేళ్లకూ ఒకేసారి ముందే కట్టాలి. మూడేళ్లకు తల్లీబిడ్డకు కలిపి 5,433 పౌండ్లు, ఆరు లక్షల పైమాటే, వీసా ఫీజు కాక. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు యూకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. "రిజెక్ట్ అయితే మొత్తం పోతుంది, అందుకే మా ప్రీమియం ప్యాకేజీ" అని భయపెడతారు, ఆ టెన్షన్ పెట్టుకోకండి, వీసా రాకపోతే సర్‌చార్జ్ వెనక్కి ఇస్తారు, పోయేది అప్లికేషన్ ఫీజే. నర్సులు, డాక్టర్లలా హెల్త్ అండ్ కేర్ వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబాలకైతే ఈ సర్‌చార్జే లేదు.

టీబీ పరీక్ష యూకే వాళ్లు ఆమోదించిన క్లినిక్‌లోనే చేయించాలి, మన ఊరి ఎక్స్‌రే చెల్లదు. మేం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పోయి చేయించాం, వేలిముద్రలు కూడా హైదరాబాద్ సెంటర్‌లోనే. పదకొండేళ్ల లోపు పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే తీయరు, డాక్టరు చూసి ప్రశ్నలు అడుగుతారు, అయినా బిడ్డను తీసుకెళ్లాల్సిందే. సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, మరీ ముందుగా చేయించకండి. కన్సల్టెన్సీ వాళ్ల కారు ప్యాకేజీ రేటు విన్నాక మాకు రైలే హాయి అనిపించింది.

మార్కులు ఇంతలా కోయడానికి కారణం మాత్రం మా ఫైల్ కాదు. అక్కడ కూర్చున్నప్పుడు ప్రొద్దుటూరు ఆయన ఒకరు కలిశారు. భార్య 2024 చివర్లో కేర్ వర్కర్‌గా వెళ్లిందట, పిల్లల్ని తీసుకుని తనూ పోవాలని అడ్వాన్స్ కట్టేశాడు. కేర్ వర్కర్లు కొత్తగా వెళ్తే కుటుంబాన్ని తెచ్చుకోవడానికి లేదని 2024 మార్చి 11 నుంచే నిబంధన ఉంది. ఆ మాట డబ్బు తీసుకునే ముందు చెప్పాలా వద్దా? నేను అడిగితే సారు "రూల్స్ మారుతుంటాయి అంకుల్, ట్రై చేద్దాం" అన్నాడు. మారింది ఇంకా బిగించడానికే. 2025 జూలై 22 నుంచి కొత్తగా డిగ్రీ స్థాయికి తక్కువ ఉద్యోగాలతో స్కిల్డ్ వర్కర్ వీసాలోకి వచ్చినవాళ్లకూ మామూలుగా డిపెండెంట్లను తీసుకెళ్లే వీలు లేదు.

కాబట్టి అక్కడికి పోయేవాళ్లు ముందు మీవాళ్లకు కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో ఉద్యోగం కోడ్ (అది ఏ రకం ఉద్యోగమో చెప్పే నంబరు) ఏముందో, ఏ తేదీన ఇచ్చారో ఫోన్‌లో అడిగి రాసుకుని పోండి. ఫారం నింపడం, డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేయడం, అపాయింట్‌మెంట్ బుక్ చేయడం, ఈ మూడింటికే రేటు మాట్లాడి రసీదు తీసుకోండి. ఫీజూ సర్‌చార్జూ మీ కార్డుతో మీరే కట్టుకోండి, వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఫైల్ ఆ అమ్మాయే చూడాలని గట్టిగా అడగండి, మధ్యాహ్నం భోజనాల తర్వాత పోతే ఖాళీగా దొరుకుతుంది.