స్పేసరా, ఫుల్ కిట్టా? థార్, జిమ్నీలకు ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల థార్, జిమ్నీ కొని, బండి ఎత్తు పెంచుకోవాలనుకునేవాళ్లు (దీన్నే లిఫ్ట్ అంటారు) నన్ను అడిగేది ఒకటే. "అన్నా, రెండంగుళాల స్పేసర్ చాలా, స్ప్రింగులు, షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చి ఫుల్ కిట్టే వేయించాలా?" స్పేసరంటే స్ప్రింగ్ దగ్గర పెట్టే దిమ్మ, వేలల్లో అయిపోతుంది, ఒక పూట పని. మంచి కిట్టంటే లక్ష మాట. పక్కపక్కన నిలబెడితే రెండు బండ్లూ ఒకే ఎత్తు కనిపిస్తాయి కాబట్టి అనుమానం రావడం సహజం.

తేడా తెలిసేది చక్రం కిందికి వేలాడినప్పుడు. జిమ్నీలో స్ప్రింగ్ వేరు, షాక్ వేరు. స్ప్రింగుకు 2 అంగుళాల స్పేసర్ పెడితే బాడీ లేస్తుంది, షాక్ మాత్రం పాత పొడవే. బండి ఊరికే నిలబడినప్పుడే అది దాదాపు అంత మేర సాగిపోయి ఉంటుంది. వంకలో దిగినప్పుడు చక్రం జారి నేలను పట్టుకోవాలి కదా, సాగడానికి షాక్‌లో చోటుండదు. లోపల 'టక్'మని తగులుతుంది, చక్రం గాల్లో తిరుగుతుంది. ఎత్తు వచ్చింది, పట్టు పోయింది.

థార్ ముందువైపు కథ వేరు. అక్కడ స్పేసర్ షాక్‌ను, స్ప్రింగును కలిపి కిందికి నెడుతుంది. గుంతలో చక్రం కంపెనీ అనుకున్న దానికంటే కిందికి పోయి, చక్రాన్ని తిప్పే కడ్డీ, అదే డ్రైవ్ షాఫ్ట్, వాలు మరీ ఎక్కువవుతుంది, దాని చివర మడతపడే సీవీ జాయింట్ మీది రబ్బరు బూటు నలుగుతుంది. చక్రం లోపలి వైపు రిమ్ము మీద నల్ల గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే బూటు చిరిగిందేమో చూడండి. ఇసుక దూరిందంటే జాయింటే పోతుంది. సరిగ్గా కట్టిన కిట్‌లో చక్రం ఎక్కడ ఆగాలో లెక్క చూసి షాక్ పొడవు పెడతారు. అయినా థార్‌కు 2 అంగుళాలు దాటొద్దనే చెబుతాను.

నా మట్టుకు తేల్చేది మాత్రం ఘాట్ రోడ్డు. తలకోన వెళ్లాలన్నా ముందు భాకరాపేట ఘాట్ ఎక్కాలి. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎత్తు పెరిగిన బండి మలుపులో ఎక్కువ ఒరుగుతుంది, ఆ ఊపును అదుపు చేయాల్సింది షాకే. పాత షాక్‌ను పాత ఎత్తుకూ పాత బరువుకూ చూసుకుని చేశారు. నలుగురు కూర్చుని, పైన క్యారియర్ మీద సామాను కట్టాక దాన్నే నమ్ముకోవడమంటే నాకు టెన్షనే. అందుకే డబ్బులు తక్కువైతే ఆరు నెలలు ఆగి కిట్టే వేయించమంటాను.

కిట్ కొనేటప్పుడు ఎన్ని అంగుళాలని కాదు, ఎంత బరువుకని అడగండి. ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి కిట్ల కంపెనీలవాళ్లు బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులు ఇస్తారు. ఖాళీగా తిరిగే బండికి హెవీ స్ప్రింగ్ వేస్తే నడుము విరుగుతుంది. జిమ్నీ అయితే క్యాస్టర్ (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వాలు) సరిచేసే బుష్‌లు కూడా ఉన్నాయా అని అడగండి. అవి లేకపోతే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావడం మందగిస్తుంది.

ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టే బాడీ లిఫ్ట్ అని ఇంకొకటుంది. దాంతో ఛాసిస్ ఎక్కడిదక్కడే, కింద బండకు తగిలేది తగులుతూనే ఉంటుంది. టౌన్‌లో తిరుగుతూ, కాస్త పెద్ద టైరు ఫెండరుకు రాసుకోకుంటే చాలనుకునేవాళ్లకు ఒక అంగుళం స్పేసర్ సరిపోతుంది. జిమ్నీకి రెండు యాక్సిళ్ల మధ్యలో, థార్‌కు వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల డబ్బా) మాత్రం ఏ లిఫ్ట్‌తోనూ లేవదు, టైరు పెరిగితేనే లేస్తుంది.

ఆర్సీ సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రేపు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది రాకుండా ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడండి. ఫిట్టింగ్ అయ్యాక అలైన్‌మెంట్‌తో పాటు హెడ్‌లైట్లు కిందికి దింపించుకోండి. లేకపోతే రాత్రిపూట ఘాట్‌లో ఎదురొచ్చే డ్రైవర్ కళ్లల్లోకే కొడతాయి.