తిరుపతి చుట్టూ: నడిపించే చోట్లు, కూర్చోబెట్టే చోట్లు

2016లో, కొచ్చి బియెన్నాలే అనే రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శనలో చిలీ కవి రౌల్ జురీటా ఆస్పిన్‌వాల్ హౌస్‌లోని ఒక పెద్ద గోదాములో సముద్రపు నీళ్ళు నింపించాడు. కవిత అవతలి గోడ మీద ఉంది. అది చదవాలంటే నీళ్ళలో దిగి నడవాల్సిందే. సముద్రంలో మునిగి చనిపోయిన గాలిప్ కుర్దీ అనే సిరియా పసివాడికి అంకితమిచ్చిన కవిత అది. గట్టున ఉండిపోయినవాళ్ళకి అందదు. ఇన్‌స్టలేషన్ కళ అంటే ఏమిటని ఎవరడిగినా నేను ఈ గోదామే చెబుతాను. చోటంతా కలిపి ఒకే కళాఖండం అవుతుంది, మనం దాని లోపల తిరుగుతాం, మన ఒళ్ళు కూడా అందులో పాలు పంచుకుంటుంది.

మొన్న మే నెలలో అమ్మనీ, ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న మేనకోడలినీ తీసుకుని తిరుపతి వెళ్ళినప్పుడు నా చూపంతా దీనిమీదే ఉంది. గుళ్ళు పూజ కోసం కట్టినవి, వాటిని ఆర్ట్ గ్యాలరీలతో కలిపేయను. కానీ మనిషిని ఎక్కడ ఆపాలి, ఎక్కడ వంచాలి, ఎంత చీకటి తర్వాత ఎంత వెలుగు చూపాలి అన్నది ఆ కట్టినవాళ్ళకి బాగా తెలుసు. ఈనాటి ఇన్‌స్టలేషన్ ఆర్టిస్టులు పట్టుకున్నదీ అదే.

ముందు బస సంగతి. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, రెండూ టీటీడీవే. గది దొరికితే వాటిని మించినవి లేవు. మాకు దొరకలేదు. ప్రైవేటు లాడ్జిలో దిగితే ఏసీ నీళ్ళు కార్చింది, లిఫ్టు పనిచేయలేదు, అమ్మ మోకాళ్ళతో మూడో అంతస్తు ఎక్కాల్సొచ్చింది. మర్నాడు పొద్దున్నే వేరేచోటికి మారిపోయాం. మేం వెళ్ళినప్పటిలా గంగమ్మ జాతరకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంటకి నడిచి వెళ్ళగలిగే దూరంలో గది చూసుకోండి. జాతర రోజు ఆటోలు ఆ చుట్టుపక్కలకి రాలేవు.

కొండ మీది దర్శనం గురించి అందరూ రాస్తారు, నేను కళ్యాణకట్ట దగ్గర ఆగుతాను. అమ్మ మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చేదాకా బయట కూర్చుని నేనూ మేనకోడలూ షీలా గౌడ గురించి మాట్లాడుకున్నాం. బెంగళూరులో ఉండే ఈ ఆర్టిస్టు 2009 వెనిస్ బియెన్నాలేలో ‘బిహోల్డ్’ అనే పని పెట్టింది. గుళ్ళలో మొక్కు తీర్చుకున్నవాళ్ళ జుట్టుతో పేనిన పొడవాటి తాళ్ళు, వాటికి వేలాడే కారు బంపర్లు. దిష్టి తగలకుండా బండ్లకి జుట్టుతాడు కట్టడం మన వైపు మామూలే. ఆమె ఆ తాళ్ళని గోడల నిండా పాకించి, బరువైన ఇనుమంతా వాటి మీదే వేలాడుతున్నట్టు నిలిపింది. ఎంతోమంది మొక్కులు ఒక గదిలో అలా పరుచుకుని ఉంటే ఎదురుగా నిలబడినవాళ్ళకి ఎలా ఉంటుందో కళ్యాణకట్ట ముందు కూర్చుంటే తెలుస్తుంది. అక్కడ పని చురుగ్గా, శుభ్రంగా సాగుతోంది, ఆ విషయంలో పూర్తి మార్కులు.

గుడిమల్లానికి రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా వెళ్ళాలి. గాజుపూసలకి పేరున్న ఊరు అది, టైముంటే ఆగి చూడండి. పరశురామేశ్వరాలయం బయటి నుంచి చాలా సాదాగా ఉంటుంది. గర్భగుడి వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠం అంటారు. లోపలి నేల మనం నిలబడే మండపం కన్నా పల్లంలో ఉంటుంది. అందుకని శివుడి కోసం తల ఎత్తి చూడం, కిందికి చూస్తాం. ముందు చీకటి తప్ప ఏమీ కనపడదు. పూజారి హారతి ఎత్తాక సుమారు అయిదడుగుల లింగమూ, దాని మీద మరుగుజ్జు భుజాలపై నిలబడ్డ వేటగాడి రూపమూ పాదాల నుంచి పైకి మెల్లగా తేలతాయి. చాలామంది పండితులు దీన్ని క్రీస్తుపూర్వం నాటిదంటారు. అరవై ఏళ్ళకోసారి గర్భగుడిలోకి నీళ్ళు వస్తాయని ఊళ్ళోవాళ్ళు చెబుతారు. అది వినగానే నాకు కొచ్చి గోదాము గుర్తొచ్చింది. మేనకోడలు బయటికొచ్చి, "మామయ్యా, వెలుతురు ఎక్కణ్ణించి వస్తుందో వాళ్ళు ముందే అనుకుని కట్టినట్టుంది" అంది. నాకూ అలాగే అనిపించింది. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. జనం తక్కువ, నిలబడి చూసుకోనిచ్చారు. ఊళ్ళో హోటళ్ళ మీద ఆశ పెట్టుకోకుండా నీళ్ళూ తిండీ వెంట తీసుకెళ్ళండి.

శ్రీకాళహస్తికి తిరుపతి నుంచి బస్సులు వెంటవెంటనే ఉంటాయి. ప్రధాన ఆలయంలో క్యూ తోసుకుపోతూ ఉంటుంది, వాయులింగం దగ్గర కదిలే దీపాన్ని తేరిపార చూసే వ్యవధి దొరకదు. నాకు నచ్చింది పాతాళ గణపతి. ముప్పై అయిదు అడుగుల లోతు అంటారు. ఇరుకు మెట్లు, ఒకరి వెనక ఒకరు ఒదిగి దిగాలి, గాలి తగ్గుతుంది, మాట దానంతట అదే ఆగిపోతుంది. అమ్మ దిగలేకపోయింది. దిగలేనివాళ్ళు కూర్చోవడానికి పైన కాస్త నీడా, ఒక బెంచీ ఉంటే బాగుండేది.

చంద్రగిరి కోట మాత్రం మనసుకి కష్టం కలిగించింది. చెక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల రాజమహల్ అది. లోపల ఆర్కియాలజీ వాళ్ళ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. పగలు ఆ వంపు ద్వారాల మధ్య తిరుగుతుంటే, ఒక్కో అంతస్తులో వెలుతురు మారుతుంటే ఒళ్ళు తేలికవుతుంది. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోలో అదే మహల్ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి రంగు లైట్లు మారుస్తారు. కథ వింటాం, చూస్తాం, లేచి వచ్చేస్తాం. 2003లో లండన్‌లోని టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియంలో ఓలాఫుర్ ఎలియాసన్ అనే ఆర్టిస్టు పసుపు దీపాలతో ఒక సూర్యుణ్ణి వెలిగించి, పొగమంచు వదిలి, పైకప్పంతా అద్దాలు పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే జనం నేలమీద వెల్లకిలా పడుకుని అద్దంలో తమని తాము వెతుక్కున్నారు. చంద్రగిరిలో అలాంటివేవీ అక్కర్లేదు. రాత్రిపూట చిన్న గుంపులుగా లోపలికి నడిపించి, ఒక్కో గదిలో ఒక్కో గొంతు వినిపిస్తే చాలు. అంత గొప్ప కట్టడాన్ని తెరలాగా వాడేయడం నాకు నచ్చలేదు.

ఇక గంగమ్మ జాతర. జాతర చాటింపు వేశాక ఊరి రూపమే మారిపోతుంది, రోజుకో వేషం. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్లటి పూత, బండ వేషం రోజు కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గుపొడి, దొర వేషం రోజు గంధం. మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసి, నగలు పెట్టుకుని వస్తారు. జాతర నాడు వెదురుతో గోపురంలా కట్టిన సప్పరాల్ని ఎత్తుకుని వీధుల్లో కదులుతారు. చూసేవాళ్ళకీ చేసేవాళ్ళకీ మధ్య గీత ఎక్కడా కనపడదు. టీ కొట్టు దగ్గర నా పక్కన నిలబడ్డ కుర్రాడు పట్టుచీరలో ఉన్నాడు. "ఏం మొక్కున్నావు తమ్ముడూ?" అని అడిగాను. "మా నాయన ఏసినాడు, ఇప్పుడు నేనేస్తా ఉండా సార్" అన్నాడు.

చివర్లో గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. తెల్లవారుజామున పేరంటాల వేషంలో వచ్చినవారు ఆ రూపం చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఇన్ని రోజుల జాతర చివర చేసిన రూపం గంటల్లో పోతుంది, జనం చేతుల్లో ముక్కలుగా ఇళ్ళకి చేరుతుంది. ఫీలిక్స్ గొంజాలెజ్-టోరెస్ అనే ఆర్టిస్టు 1991లో ఒక మూలన 175 పౌండ్ల చాక్లెట్లు పోసి, వచ్చినవాళ్ళని తీసుకోనిచ్చాడు. ఎయిడ్స్‌తో చనిపోయిన తన ప్రియుడు రాస్ గుర్తుగా చేసిన పని అది, కుప్ప తరుగుతుంటే ఒక మనిషి తరిగిపోతున్నట్టే ఉంటుంది. గ్యాలరీ ఆ కుప్పని మళ్ళీ నింపగలదు. తాతయ్యగుంటలో మాత్రం మళ్ళీ ఏడాది ఆగాలి.

ఏర్పాట్లలో తాగునీళ్ళు బాగానే ఇచ్చారు, పోలీసులు ఓపిగ్గా ఉన్నారు. ఆడవాళ్ళకి టాయిలెట్లు చాలలేదు. వీధుల్లో అడ్డంగా కట్టిన ఫ్లెక్సీలు సప్పరాలకి తగులుతున్నాయి, కనీసం ఆ వారమైనా వాటిని తీయించాలి. పెద్దవాళ్ళతో వెళ్తే విశ్వరూప దర్శనానికి అర్ధరాత్రి నుంచే నిలబడొద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అమ్మని గదిలో పడుకోబెట్టి మేమిద్దరం మూడింటికి బయల్దేరాం, అంత జనంలోనూ చోటు దొరికింది. గుడిమల్లం ఆటోకి మాత్రం రానూపోనూ, అక్కడ ఆగే టైముతో కలిపి ముందే బేరమాడుకోండి, తిరుగు బండి అక్కడ దొరకడం కష్టం.