నాటకం డ్రెస్సులకి ద్వారపూడి గుడ్డల మార్కెట్ ఎలా ఉందంటే

ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం పంతులుగారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా ఆరోజేగా, ఆ రోజుకి మా కోనసీమ బ్యాచ్ వేసిన నాటకం 1881 నాటిది. ఆ ఏడు డిసెంబర్ 11న రాజమండ్రిలో పంతులుగారు చేయించిన మొదటి వితంతు వివాహం కథ. గుమాస్తాలు, అగ్రహారం పెద్దలు, కాపలా పోలీసులు, ఒక దొర, దొరసాని, అందరికీ అప్పటి బట్టలు కావాలి. ముందు ఒక అద్దె షాపులో అడిగితే పౌరాణికాలకి వాడే జరీ పంచెలు, తళతళలాడే శాటిన్ కోట్లు తీసి చూపించారు, పైగా కోటుకి జిప్పు. పంతులుగారికి జిప్పేంటండీ బాబూ, అవి బట్టల్లోకి వచ్చిందే 20వ శతాబ్దంలో. ఇలా కాదు మనమే కుట్టేసుకుందాం అని గుడ్డకి ద్వారపూడి వెళ్లాం.

పెళ్లి బట్టలకి వెళ్లొచ్చినోళ్లు చెప్పే ద్వారపూడి వేరు, మాకు పనికొచ్చిన ద్వారపూడి వేరు. పట్టుచీరల షాపులు మేం చూడనే లేదు. తానులు అమ్మే హోల్‌సేల్ కొట్లలో కోరా గుడ్డ (బ్లీచ్ చేయని నూలు), మల్లు (పల్చటి నూలు), డ్రిల్లు (మందపాటి నూలు), లైనింగు అన్నీ దొరుకుతాయి, రేటు మా ఊరి రిటైల్ కంటే బాగా తక్కువ. ఒకే తానులోంచి తీస్తే అందరి గుడ్డా ఒకే షేడ్ వస్తది, పదిమంది పది షాపుల్లో కొంటే స్టేజీ మీద పది రకాల తెలుపు కనపడతది. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతో ముందే అడగండి, పెద్ద పన్నా అయితే కోటుకి గుడ్డ కలిసొస్తది.

అసలు మా తలనొప్పంతా తెలుపుతోనే. పెళ్లికూతురు మొదటి సీన్‌లో అంచు లేని తెల్లచీర, చివర్లో మధుపర్కాలు, అవీ తెలుపే! లైట్ల కింద రెండూ ఒకటే అయిపోతే ఇంక కథేముంది. అందుకని మొదటి చీరకి కోరా గుడ్డ తీసుకుని టీ డికాషన్‌లో ఉప్పేసి ముంచి ఆరేశాం, మట్టి రంగు పట్టి పాతబడినట్టు వచ్చింది, మధుపర్కానికేమో బ్లీచ్ చేసిన తెల్ల నూలు, పసుపు అంచు, గంజి పెట్టి ఇస్త్రీ. డ్రెస్ రిహార్సల్‌లో వెనక వరసలో కూర్చున్న మా అత్తయ్యగారు "ఇప్పుడు పెళ్లికూతురిలా ఉందర్రా" అన్నారు, అది చాలు మాకు.

చీరల దగ్గర మాత్రం ద్వారపూడికి మార్కులు తక్కువ. ఇప్పటి చీర ఐదున్నర మీటర్లు, గోచీ పోసి కట్టే తొమ్మిది గజాల చీర ఎనిమిది మీటర్లు దాటిపోద్ది, రెడీగా ఎక్కడా దొరకలేదు. చివరికి బండారులంక వైపు నేతోళ్లని అడిగి నూలు చీరలు నేయించాం, టైం పడతది, ముందే చెప్పుకోవాలి. పంచెలూ అంతే, నాలుగు మూరలది గోచీకి చాలదు, ఎనిమిది మూరలది అడగండి.

ఇంకోటి. "ప్యూర్ కాటన్ అండి ఆయ్" అన్నంత మాత్రాన నమ్మేయొద్దు. ఒక కొట్లో అంచు నుంచి పోగు లాగి అగ్గిపుల్ల పెడితే చివర ముద్దకట్టి గట్టి పూసలా అయింది, అంటే పాలిస్టర్ కలిపారన్నమాట. నూలైతే కాగితం కాలినట్టు వాసనొచ్చి బూడిదవుద్ది. ఏప్రిల్ ఎండలో కోటూ తలపాగా వేసుకుని గంటన్నర నిలబడాలి కదా, పాలిస్టర్ అయితే మా హీరో మూడో సీన్‌కే పడిపోయేవాడు. కోరా గుడ్డని కత్తెర పెట్టకముందే రాత్రంతా నానబెట్టి ఆరేయడం కూడా మర్చిపోకండి, ఉతికితే కుదించుకుపోద్ది.

కుట్టుపని మా ఊరి టైలర్ మాస్టారిది, కటింగు ఆయన చేస్తే టాకాలు, కాజాలు, గుండీలు మేమంతా పంచుకున్నాం. ఎవరికి ఏ సీన్‌లో ఏ బట్ట, మార్చుకోడానికి ఎంత టైం ఉందో గోడ మీద చార్టు రాసిపెట్టింది మా ప్రాంప్టర్ అమ్మాయి, దానివల్లే గొడవల్లేకుండా గడిచింది. పెళ్లికూతురి రవికకి పైకి ముడి కనపడతది, లోపల ప్రెస్ బటన్లు, చీకట్లో గబుక్కున మార్చుకోడానికి. దొరసాని గౌనుకి కాలర్, చేతుల అంచులూ నర్సాపురం లేసు, చేత్తో అల్లింది, మెషిన్ లేసు పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోద్ది. మిషనరీలు ఆ పని 19వ శతాబ్దంలోనే మన వైపు నేర్పారు కాబట్టి కథాకాలానికీ సరిపోయింది.

మార్కెట్‌కి నా రేటింగ్ 5కి 4. ఒకటి తగ్గించింది చీరల వల్ల, చిన్న బిట్లకి కొన్ని కొట్లలో తాను కత్తిరించరు కాబట్టి కూడా, అందుకే మొత్తం లిస్టు రాసుకుని ఒకేసారి వెళ్లండి. పోలీసుల తలపాగాలకి ఎర్ర మల్లు తీసుకుంటే విడిగా ఉప్పునీళ్లలో ఉతికి చూడండి, రంగు దిగితే పక్కనున్న పంచెలన్నీ గులాబీ అయిపోతాయి.