పదకొండు నిమిషాల మోసం, నలభై రెండు నిమిషాల సముద్రం: చిత్తూరు నుంచి అండమాన్

నీళ్లలోంచి పైకి వచ్చిన మా ఆయన మాస్క్ తీస్తే లోపలంతా నెత్తురు. ముక్కులోంచి కారి పెదవి దాకా వచ్చింది. ఆయన్ను కిందికి దింపిన కుర్రాడు ఒకసారి చూసి, హిందీలో ‘ఏమీ కాదు’ అని, వెనక నిలబడ్డ మనిషిని రమ్మని చెయ్యి ఊపాడు. అండమాన్‌లో మా మొదటి స్కూబా డైవింగ్ అలా ముగిసింది. అదొక్కటే అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. అదే యాత్రలో మూడు రోజుల తర్వాత సముద్రాన్ని ఎలా చూపించాలో తెలిసినవాళ్లు కూడా దొరికారు. రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

నేను చిత్తూరులో హైస్కూల్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. పందొమ్మిదేళ్లుగా ప్రవాళ భిత్తికలను, అంటే సముద్రంలోని పగడపు దిబ్బలను, బోర్డు మీద రంగు సుద్దలతో గీస్తున్నాను. కళ్లతో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. మాది సముద్రం లేని జిల్లా. నాకు ఈత వచ్చింది పలమనేరు దగ్గర మా తాతగారి బావిలో, నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకుని. సంక్రాంతి సెలవుల్లో వెళ్దామని తిరుపతిలో ఉండే మా తమ్ముడు పట్టుబట్టాడు. పండగ పూట ఇంటికి తాళం వేస్తామా అని మా అత్తగారు రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. చివరికి ఆవిడే నిప్పట్లు చేసి డబ్బాలో పెట్టి పంపారు. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, తమ్ముడు, మొత్తం నలుగురం.

చిత్తూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి కారు 4,300 రూపాయలు. విమానం రానుపోను మనిషికి 14,720, పండగ రోజులు కాబట్టి ఎక్కువే పడింది. రెండుంపావు గంటల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు కానీ ఆటోవాళ్ల నోట పాత పేరే వినిపిస్తుంది. సెల్యులార్ జైలు చూశాం. దిగిన హోటల్ గది బాగుంది, రాత్రి 2,400.

తప్పు ఆ హోటల్ కౌంటర్ దగ్గరే జరిగింది. ‘నార్త్ బేలో స్కూబా, మనిషికి 3,500, అరగంట నీళ్లలో, ఫోటోలు ఉచితం’ అన్నాడు అక్కడి మనిషి. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కనిపించే లైట్‌హౌస్ ఆ నార్త్ బేలోనిదే. తమ్ముడు ఇంతకుముందే పుదుచ్చేరిలో డైవింగ్ కోర్సు చేశాడు, అందుకని తాను పడవలోనే ఉండి మా ముగ్గురికీ డబ్బు కట్టాడు. 10,500.

అక్కడ ఆరోగ్యం గురించి అడిగే ఫారం లేదు. మా ఆయనకు ఆ రోజు జలుబు, రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు. ఎవరూ ఏమీ అడగలేదు. ముందు దిగినవాళ్ల తడి సూట్లే మాకు ఇచ్చారు. నోటితో ఊపిరి తీసుకోండి, ఏమైనా అయితే చెయ్యి ఊపండి, ఇంతే పాఠం. చెవుల గురించి ఒక్క మాట లేదు. మనిషికి ఒక కుర్రాడు వెనకనుంచి సిలిండర్ పట్టుకుని కిందికి తోసుకుంటూ పోయాడు. నాకు మాస్క్‌లోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి. కింద మా అమ్మాయి చేతిలో బిస్కెట్లు పెట్టి చేపలు గుమిగూడగానే ఫోటో తీశారు. నన్ను ఒక బండ పగడం మీద నిలబెట్టారు. అలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటుగా పెరుగుతుంది. నా కాళ్ల కింద ఉన్నది బహుశా నా వయసుది. దాని మీద నిలబడ్డానన్న బాధ నాకు ఇంకా పోలేదు.

మా ఆయన వాచీ పెట్టుకునే దిగారు. కింద ఉన్నది పదకొండు నిమిషాలు. పైకొచ్చాక నెత్తురు. జలుబుతో మూసుకుపోయిన ముక్కు, చెవులతో లోతుకు తోసేస్తే లోపలి గాలికి దారి ఉండదు, పొరలు చిట్లుతాయి. అందుకే జలుబు ఉన్నవాళ్లు దిగకూడదు. ఈ సంగతి అడిగే పని ఆ నిర్వాహకులది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వలేదు. ‘ఉచితం’ అన్న ఫోటోలకు మళ్లీ 1,500 అడిగారు. తమ్ముడు గొడవకు దిగాడు, ఆయనే వద్దని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశారు. ఆ రాత్రి చెవి నొప్పితో ఆయన పడుకోలేదు. ‘ఇంకెవరూ నీళ్లలోకి దిగొద్దు’ అన్నారు. నేను ఎదురు చెప్పలేదు.

హేవ్‌లాక్‌కు ప్రైవేట్ ఓడ మనిషికి 1,750. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చిన దీవి ఇదే. ఐదో నంబరు బీచ్ దగ్గర వెదురు గుడిసె, రాత్రి 2,900. దోమతెర చిరిగి ఉంది, చెబితే గంటలో మార్చారు. అది చాలు నాకు.

మధ్యాహ్నం బజారులో ఏం తినాలో తేలక మాట్లాడుకుంటుంటే ఒక చిన్న హోటల్ లోపలినుంచి, ‘తెలుగోళ్లేటమ్మా? ఏవూరు మీది?’ అని పిలుపు. ఆమెది సోంపేట వైపు. మామగారి కాలంలో విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చారట. అండమాన్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, చేపల వేట మీద బతికేవాళ్లు ఎక్కువ. ఆమె పెట్టింది వేడన్నం, పప్పుచారు, చింతపండు దట్టంగా పడ్డ సూరచేప పులుసు, మామిడి ముక్కల పచ్చడి. భోజనం 180. చేప లేకుండా అయితే 120. మా ఆయన రెండు రోజుల తర్వాత కడుపునిండా తిన్నారు. మిరియాల చారు అడక్కుండానే గ్లాసులో పోసి, ‘చెవి నొప్పా బాబూ, ఇది తాగండి’ అంది. తర్వాత మేం అక్కడే ఉన్న ప్రతి పూటా అక్కడే తిన్నాం. ఆ పులుసు తిన్నాకే ఆయన మెత్తబడి, ‘సరే, ఇక్కడి డైవింగ్ వాళ్ల దగ్గరికి పోయి అడుగుదాం, అడిగితే ఏం పోయింది’ అన్నారు.

ఆ డైవింగ్ సెంటర్‌లో మొదట చేతికి ఇచ్చింది ఫారం. ఆస్తమా, గుండె, చెవి, సైనస్, వాడే మందులు, అన్నీ ఉన్నాయి. మా ఆయన నిజమే రాశారు. ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి చదివి, నార్త్ బే సంగతి విని, ‘అంకుల్, మిమ్మల్ని దించను. డాక్టర్ సంతకం కావాలి, ముందు ఆ చెవి నయం కావాలి’ అంది. ఆయన ముఖం ఎర్రబడింది. మూడు వేల ఐదొందలు తీసుకున్నవాడు ఏమీ అడగలేదు, ఈమె వచ్చే డబ్బును వద్దంటోంది. బయటికి వచ్చాక ఆ మాట ఆయనే అన్నారు.

తమ్ముడికీ వాళ్లు కాదనే చెప్పారు. వాడి కలంతా జానీస్ గార్జ్ అనే డైవింగ్ చోటు. దాదాపు ముప్పై మీటర్ల లోతు, ప్రవాహం ఉంటుంది. వాడి దగ్గరున్నది మొదటి స్థాయి కోర్సుకు ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డు, అది పద్దెనిమిది మీటర్ల వరకే. ‘ఇంత దూరం వచ్చాను కదా’ అన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆ పూట వాడు అన్నం కూడా సరిగా తినలేదు.

నాకూ అమ్మాయికీ నీమో రీఫ్. ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగే చోటు. మనిషికి 4,500. పాఠమే నలభై నిమిషాలు. సిలిండర్‌లో ఉండేది మామూలు గాలే, వట్టి ఆక్సిజన్ కాదు. పది మీటర్లు దిగితే పీడనం రెట్టింపు అవుతుంది. అందుకని చెవి నొప్పి మొదలు కాకముందే ముక్కు మూసి మెల్లగా గాలి నొక్కాలి, దిగే కొద్దీ మళ్లీ మళ్లీ. ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు, ఎందుకంటే పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, పైకి పోదామని. బాగుందంటే వేళ్లతో సున్నా చుట్టాలి. చిన్నప్పుడు బావి అడుగుకు పోయి మట్టి తెచ్చేటప్పుడు చెవులు ఎందుకు పోటెత్తేవో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు తెలిసింది.

నడుము లోతు నీళ్లలో మాస్క్‌లోకి నీళ్లు నింపుకుని ముక్కుతో ఊది బయటికి పంపడం నేర్పారు. నాకు మూడుసార్లు కుదరలేదు. టెన్షన్‌తో చేతులు వణికాయి. ‘టైముంది మేడమ్. ఇవాళ కాకపోతే రేపు. డబ్బు ఎక్కడికీ పోదు’ అంది ఆ అమ్మాయి. నాలుగోసారి వచ్చింది.

కింద మొదట గమనించింది నా చేతి దారాన్ని. తిరుమలలో కట్టుకున్న ఎర్ర దారం ఎనిమిది మీటర్ల లోతులో మట్టిరంగులో ఉంది. నీరు మొదట మింగేది ఎరుపునే అని పుస్తకంలో చెప్పినదే. తర్వాత కొమ్ముల పగడాలు, మెదడులా ముడతలు పడ్డ బండ పగడాలు. పువ్వులా కనిపించే సీ అనిమోన్ అనే జీవి స్పర్శకాల మధ్య క్లౌన్ ఫిష్ కుటుంబం. అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చనిపోతే దాని జోడీ మగచేపే ఆడదిగా మారుతుంది. పైకొచ్చాక ఈ మాట చెబితే మా అమ్మాయి, ‘ముందే ఎందుకు చెప్పలేదమ్మా, ఇంకాసేపు చూసేదాన్ని’ అంది. కటకటమని ఏదో కొరుకుతున్న శబ్దం వస్తే తల తిప్పాను. ప్యారట్ ఫిష్. పగడం మీది నాచును రాతితో సహా గీకి తింటుంది, అరిగిన రాయి ఇసుకై బయటికి వస్తుంది. మేం నడిచిన తెల్లటి బీచ్‌లో ఆ చేపల పని కూడా ఉంది. రెండు చిప్పల మధ్య బతికే ఒక పెద్ద క్లామ్ మీద నా నీడ పడగానే నీలి అంచులు లోపలికి ముడుచుకుంది. మాస్క్ లోపల నాకు కన్నీళ్లు వచ్చాయి. ఊది బయటికి పంపడం అప్పటికే నేర్చుకున్నాను.

పగడాలన్నీ బాగున్నాయని చెప్పను. ఎముకల్లా తెల్లబడినవి, నాచు పట్టి బూడిదరంగుకు తిరిగినవి చాలా ఉన్నాయి. నీరు వారాల తరబడి వేడెక్కితే పగడం తనలో ఉండి అన్నం పెట్టే శైవలాలను, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచును, బయటికి నెట్టేస్తుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2010లో, 2016లో ఇక్కడ పెద్ద ఎత్తున అలా జరిగింది. వాటి మధ్యనుంచి వేలంత కొత్త కొమ్మలు లేస్తున్నచోట ఇన్‌స్ట్రక్టర్ ఆగి, వేలు తాకించకుండా చూపించింది.

ఒడ్డుకు వస్తే మా ఆయన ఇసుకలో వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. ‘నలభై రెండు’ అన్నారు. కామర్స్ మనిషి, లెక్క అప్పటికే కట్టేశారు. అక్కడ నిమిషానికి 318 రూపాయలు, ఇక్కడ 107.

మర్నాడు తమ్ముడు జెట్టీకి దగ్గర్లోనే ఉండే ‘ది వాల్’ దగ్గర రెండు డైవ్‌లు చేశాడు, 7,800. గోడ యాభై మీటర్లు దాటి కిందికి పోతుంది, వాడు పద్దెనిమిది దగ్గరే ఆగాడు. లయన్ ఫిష్, రాతి సందులో మోరే ఈల్, రంగు మార్చుకుంటూ పాకిన ఆక్టోపస్. ‘అక్కా, కింద చీకటి, పైన ఎండ, మధ్యలో నేను’ అని రాత్రి దాకా చెబుతూనే ఉన్నాడు. జానీస్ గార్జ్ ఊసెత్తలేదు.

నీల్ దీవిలో ఒక రోజు, ప్రశాంతంగా గడిచింది.

వెళ్లేవాళ్లకు నా మాట: హోటల్ కౌంటర్ దగ్గర, టాక్సీలో స్కూబా కొనకండి. నీళ్లలో ఎన్ని నిమిషాలు, ఎంత లోతు, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది అని అడగండి. ఫారం ఇవ్వని చోట దిగకండి. డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం పద్దెనిమిది గంటలు ఉంచండి, లేకపోతే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. ప్యాకేజీల్లో చివరి రోజు పొద్దున స్కూబా పెట్టి మధ్యాహ్నం విమానం ఎక్కిస్తున్నారు, అది ఒప్పుకోకండి. పగడం ముక్క కూడా తేవద్దు, చట్టం ఒప్పుకోదు. మా ముందు వరుసలో ఒకామె సంచిలోంచి పిల్లవాడు ఏరిన ముక్కలన్నీ విమానాశ్రయంలో తీసి పక్కన పెట్టారు.

నలుగురికీ కలిపి ఏడు రోజులకు 1,31,000 దాటింది.

చిత్తూరు వచ్చాక చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. కర్ణభేరికి చిల్లు పడలేదు, వాచింది, నెల పడుతుందన్నారు. ‘ఇంత జలుబుతో ఎవరు దించారండీ మిమ్మల్ని?’ అని కోప్పడ్డారు. మా ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి డాక్టర్ ముందు పరిచారు. హేవ్‌లాక్‌లో ఆ అమ్మాయిని అడిగి తెచ్చుకున్న ఖాళీ ఫారం. ‘నెల తర్వాత మళ్లీ వస్తాను, అప్పుడు దీనిమీద సంతకం పెట్టగలరేమో చూడండి’ అన్నారు.