కడుపునొప్పికి ఈసీజీ తీసిన ఎమర్జెన్సీ, నా రేటింగ్ 4/5

కడుపునొప్పి అని వెళ్తే ఈసీజీ తీశారు, అంతా బిల్లు కోసమే అని ఈ హాస్పిటల్‌కి కొంతమంది ఒక్క స్టార్ ఇచ్చారు చూశా, నేనైతే దానికే నాలుగిస్తున్నా. నాన్నకి బొడ్డు పైన నొప్పి, వాంతులు, ఒళ్ళంతా చెమటలు. గుండె కిందివైపు వచ్చే హార్ట్ ఎటాక్ అచ్చం గ్యాస్ నొప్పిలాగే మొదలవ్వచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి, వయసు పైబడినవాళ్ళకి ఛాతీలో నొప్పే రాకపోవచ్చు. ఛాతీనొప్పితో వస్తే 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టర్ చూడాలి అంటారు కదా, వీళ్ళు నాన్నకి పేరు రాసుకునేలోపే తీసేశారు.

ఈసీజీ నార్మల్ అనగానే ఇంక ఇంటికే అనుకున్నాం, పంపలేదు. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) అని రక్తపరీక్ష చేసి, ఆగి మళ్ళీ చేశారు. గుండె కండరం దెబ్బతిన్న వెంటనే అది రక్తంలో తేలదు, టైం పడుతుంది, అందుకే మొదటి శాంపిల్ బాగుందని వదిలేయరు. కొంచెం ఉన్నా పట్టేసే హై సెన్సిటివిటీ టెస్ట్ అయితే రెండోది 1 నుంచి 3 గంటల్లో, పాత రకమైతే 3 నుంచి 6 గంటల్లో. ఈ ముక్క వెంటపడి అడిగితే గానీ ఎవరూ చెప్పలేదు, స్టార్ కట్ అయింది అక్కడే.

ఇంకోపక్క సీటీ స్కాన్ తీయరేంటి అని మా బాబాయ్ ఒకటే గొడవ. డాక్టర్ గారు కుడివైపు పక్కటెముకల కింద నొక్కి గాలి పీల్చమన్నారు, నొప్పికి నాన్న సగంలోనే ఊపిరి ఆపేశారు, అది గాల్ బ్లాడర్ (పిత్తాశయం) వాపుకి గుర్తట, అల్ట్రాసౌండ్ చాలన్నారు. గాల్ బ్లాడర్ రాళ్ళకి ముందు చేయాల్సింది అదే, కొన్ని రాళ్ళు సీటీలో కనపడవు కూడా, పైగా రేడియేషన్. పాంక్రియాస్ (క్లోమం) వాచిందేమో అని లైపేజ్ అనే రక్తపరీక్ష చేశారు, నార్మల్. అదే అపెండిక్స్ అనుమానమో కిడ్నీలో రాయో అయితే పెద్దవాళ్ళకి చాలాసార్లు సీటీయే కరెక్టట, రాయికైతే స్కాన్‌లో స్పష్టంగా కనపడటానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు లేకుండానే.

పక్క బెడ్ అమ్మాయికి ప్రెగ్నెన్సీ టెస్ట్ అనేసరికి వాళ్ళమ్మ గారికి కోపం వచ్చింది గానీ, ఆ వయసులో పొత్తికడుపు నొప్పికి అది చేయకపోతేనే తప్పు, ట్యూబులో గర్భం పగిలితే ప్రాణం మీదకి వస్తుంది.

నాన్నకి రాళ్ళే, సర్జన్‌కి చూపించాం. రిపోర్టులు వాట్సాప్‌లో పెడతామంటారు, పెట్టరు, అక్కడే ప్రింట్ తీసుకోండి.